బడి ఎగ్గొట్టిన పిల్లలకి, ఇల్లు వదిలి వెళ్లిన పిల్లలకి కోర్టు ఎందుకు? కౌంటీకి పంపే ఉత్తరానికి సలహాలు కావాలి

వంశధార | ఆదివారం, సాయంత్రం 6:10

ఇక్కడ అమెరికాలో మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) బాలల కోర్టు పనితీరు మార్చడానికి ఒక కమిటీ వేశారు. ముఖ్యంగా స్టేటస్ అఫెన్స్ కేసుల మీద జనం అభిప్రాయాలు రాసి పంపమన్నారు. మన తెలుగు సంఘం తరఫున ఉత్తరం తయారు చేసే పని నా నెత్తిన పడింది.

ఈ మాట కొత్తగా వింటున్నవాళ్ల కోసం చెప్తున్నాను. పెద్దవాళ్లు చేస్తే నేరం కాని పనులు కొన్ని, మైనర్లు చేస్తే మాత్రం కోర్టుకి ఎక్కుతాయి. బడి ఎగ్గొట్టడం, ఇంట్లోంచి వెళ్లిపోవడం, రాత్రి మైనర్లు బయట ఉండకూడదని పెట్టిన కర్ఫ్యూ వేళల్లో తిరగడం, మందు తాగడం, ఇంట్లో మాట వినకపోవడం. ఈ చివరిదాంట్లో కేసు పెట్టేది చాలాసార్లు కన్నవాళ్లే. కోర్టు దాకా వచ్చే స్టేటస్ కేసుల్లో సగానికి పైగా బడి ఎగ్గొట్టినవే.

సూటిగా అడుగుతున్నాను. వీటికి కోర్టు ఉండాలా వద్దా? ఉంటే ఎక్కడిదాకా ఉండాలి?


లాయరమ్మ | ఆదివారం, రాత్రి 9:35

వంశధార గారూ, కాస్త వెనక్కి వెళ్తేగానీ ఇప్పటి చిక్కు అర్థం కాదు.

1899లో షికాగోలో మొదటి బాలల కోర్టు పెట్టినప్పుడు పిల్లల్ని శిక్షించాలని కాదు, అమ్మానాన్నల స్థానంలో నిలబడి దిద్దాలని అనుకున్నారు. దిద్దడమే కదా, దానికి లాయరెందుకు, సాక్ష్యాలెందుకు అన్న ధోరణి అక్కడే మొదలైంది. అది ఎంతదాకా పోయిందంటే, అరిజోనాలో గాల్ట్ అనే పదిహేనేళ్ల కుర్రాడు పొరుగావిడకి ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఫిర్యాదు మీద, ఇరవై ఒకటి నిండేదాకా ప్రభుత్వ సంస్కరణ పాఠశాలలో ఉంచమని జడ్జి ఆర్డరు వేశాడు. అదే పని పెద్దవాడు చేసుంటే 50 డాలర్ల లోపు జరిమానా, లేదంటే మహా అయితే రెండు నెలల జైలు. 1967లో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు చెల్లదని, పిల్లలకీ లాయరు ఉండాల్సిందేనని తేల్చింది. కానీ ఆ తీర్పు నేరం మోపిన పిల్లల గురించి. స్టేటస్ కేసుల పిల్లల సంగతి రాష్ట్రాలకే వదిలేశారు. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2011లో, బడి ఎగ్గొట్టిన కేసు మొదటి విచారణలో పిల్లకి లాయరుని ఇవ్వాల్సిన రాజ్యాంగ బాధ్యత లేదని చెప్పింది కూడా.

ఇక 1974లో ఫెడరల్ చట్టం, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం వచ్చింది. మా నిధులు కావాలంటే స్టేటస్ కేసుల పిల్లల్ని తాళం వేసిన చోట పెట్టకూడదని రాష్ట్రాలకి షరతు పెట్టారు. బాగానే ఉంది. జడ్జీలు ఊరుకోలేదు, మా మాట వినకపోతే మేమేం చేయాలి అన్నారు. 1980లో ఆ చట్టానికి ఒక సందు పెట్టారు. జడ్జి ముందు "రోజూ బడికి వెళ్లు" అని ఆర్డరు ఇస్తాడు. పిల్లాడు మళ్లీ మానేస్తాడు. ఇప్పుడు వాడు బడి ఎగ్గొట్టినవాడు కాడు, కోర్టు ఆర్డరు ధిక్కరించినవాడు. తప్పు అదే, పేరు మారింది, తలుపుకి తాళం పడింది. వ్యాలిడ్ కోర్ట్ ఆర్డర్ మినహాయింపు అంటారు దీన్ని. మేం వీసీఓ అంటాం.

2018లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ సందు మూసేస్తారని ఆశపడ్డాం. మూయలేదు, ఇరుకు చేశారు. ఏ ఆర్డరు ఉల్లంఘించాడో, ఇంతకంటే తక్కువ కఠినమైన దారి ఎందుకు లేదో జడ్జి రాతపూర్వకంగా చెప్పాలి. ఏడు రోజులు మించకూడదు, పొడిగించకూడదు, బయటికి పంపే ప్రణాళిక కూడా అందులోనే ఉండాలి.

మీ ఉత్తరంలో మొదటి వాక్యం వీసీఓ వాడొద్దు అన్నదే కావాలి. కొన్ని రాష్ట్రాలు ఇప్పటికే మానేశాయి.


నైట్‌షిఫ్ట్_నాన్న | ఆదివారం, రాత్రి 11:50

లాయరమ్మ గారూ, మీరు చెప్పిందంతా పుస్తకంలో బాగుంటుంది. నేను ఇంట్లో పడినవాణ్ణి.

మా పెద్దమ్మాయి పదిహేనేళ్లప్పుడు ఆన్‌లైన్‌లో ఎవడితోనో పరిచయం పెట్టుకుని అర్ధరాత్రి వెళ్లిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. వాళ్లమ్మ ఫోన్ చేస్తే కారులో ఊరంతా తిరిగాను. పోలీసులు పట్టుకొచ్చి ఇంటి దగ్గర దింపారు, వారం తిరక్కుండా మళ్లీ వెళ్లింది. అప్పుడు జడ్జి కొన్నాళ్లు లోపల ఉంచాడు. నిజం చెప్పనా, ఆ రాత్రులే నేను కంటినిండా నిద్రపోయాను. బతికే ఉంది, ఎక్కడుందో తెలుసు.

తాళం వద్దు అనేవాళ్లందరికీ ఒకటే ప్రశ్న. తెల్లారుజామున రెండింటికి పిల్ల రోడ్డు మీద ఉంటే ఏం చేస్తారు? వాషింగ్టన్‌లో బెక్కా బిల్లు ఎందుకు వచ్చింది? పదమూడేళ్ల పిల్ల ఇంట్లోంచి, పెట్టిన చోట్ల నుంచి పారిపోతూ పారిపోతూ 1993లో హత్యకి గురైంది. పిల్లని ఆపే అధికారం మాకెవ్వరికీ లేకపోయిందని కన్నవాళ్లు పోరాడితే 1995లో ఆ చట్టం వచ్చింది. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులా?


పొద్దుతిరుగుడు | సోమవారం, ఉదయం 6:25

అన్నా, దుర్మార్గులు అని ఎవరూ అనరు. నేను పారిపోయి వచ్చిన పిల్లల షెల్టర్‌లో రాత్రి డ్యూటీ చేస్తాను, రెండింటికి తలుపు తెరిచేది నాలాంటివాళ్లమే.

మీకు కావాల్సింది పిల్ల భద్రంగా ఉండడం. జువెనైల్ డిటెన్షన్‌లో, అంటే కోర్టు పిల్లల్ని తాళం వేసి ఉంచే చోట, ఏం జరుగుతుందో కూడా చూడండి. బట్టలు విప్పించి తనిఖీ చేస్తారు. పక్క గదిలో దొంగతనం కేసువాళ్లు, కొట్లాట కేసువాళ్లు. మాకు వచ్చే అమ్మాయిల్లో చాలామంది ఇంట్లోనో దగ్గరివాళ్లతోనో ఏదో జరిగి బయటపడినవాళ్లు. నేరం కేసుల్లో కంటే స్టేటస్ కేసుల్లో అమ్మాయిల వాటా ఎక్కువ అన్న సంగతి చాలామందికి తెలీదు. కొడుకు రాత్రి తిరిగితే కేకలేసి ఊరుకుంటాం, కూతురు తిరిగితే పోలీసులకి చెప్తాం. ఎందుకు పారిపోయావని ఒక్కరూ అడక్కుండా తాళం వేస్తే ఆ పిల్ల నోరు ఇక తెరవదు.

షెల్టర్‌కి తాళం ఉండదు. నిజమే, కొందరు వెళ్లిపోతారు కూడా. కానీ మనిషి మెలకువగా ఉంటాడు. తలుపు దగ్గర కూర్చుని మాట్లాడతాం, పొద్దున్నే ఇంటికి ఫోన్ చేయిస్తాం. ఫెడరల్ నిధులతో నడిచే బేసిక్ సెంటర్లు అనే షెల్టర్లలో ఇరవై ఒక్క రోజుల దాకా ఉండొచ్చు. ఆ లోపు ఇంటివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. మీ కౌంటీలో అలాంటి పడకలు ఎన్ని ఉన్నాయో ముందు కనుక్కోండి వంశధార గారూ. ఒక్కటీ లేకపోతే డిటెన్షన్ రద్దు చేసినా ఆ పిల్ల వెళ్లేది రోడ్డు మీదికే. అప్పుడు ఈ అన్న భయం నిజమవుతుంది.

ఇంట్లో గొడవ ముదిరితే, పిల్లలైనా పెద్దలైనా, నేషనల్ రన్‌అవే సేఫ్‌లైన్ 1-800-786-2929. రాత్రీపగలూ ఎత్తుతారు.


తిమ్మరాజు_టెక్సాస్ | సోమవారం, ఉదయం 8:05

మా రాష్ట్రం కథ వింటే కోర్టు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

2015 దాకా ఇక్కడ బడి ఎగ్గొట్టడం క్రిమినల్ నేరం. క్లాస్ సి మిస్‌డిమీనర్ అనే చిన్న తరగతి నేరం, 500 డాలర్ల దాకా జరిమానా, పైన కోర్టు ఖర్చులు. కేసు నడిచేది పెద్దవాళ్ల కోర్టులో. ఏడాదికి లక్షకి పైగా కేసులు. కూలికి పోయే ఇంట్లో ఆ డబ్బు ఎవడు కడతాడు? కట్టకపోతే పదిహేడు నిండాక వారెంటు. బడికి రాలేదని మొదలైన కేసు జైల్లో తేలేది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

2015 సెప్టెంబరు 1 నుంచి అది సివిల్ వ్యవహారం అయింది. ఇప్పుడు ఆరు నెలల్లో పది రోజులు గానీ, పది రోజుల్లో కొంత భాగం గానీ కారణం చెప్పకుండా మానేస్తేనే ట్రూఅన్సీ (బడి ఎగ్గొట్టిన కేసుల) కోర్టుకి పంపాలి. పంపేముందు బడివాళ్లు తాము ఏం ప్రయత్నం చేశారో చూపించాలి, చూపించకపోతే కేసు కొట్టేస్తారు. గర్భంతో ఉన్న పిల్ల, ఫోస్టర్ కేర్‌లో (ప్రభుత్వం వేరేవాళ్ల సంరక్షణలో) ఉన్న పిల్లలు, ఇల్లు లేనివాళ్లు, ఇంటికి ప్రధాన సంపాదన తనదే అయిన పిల్లాడు, వీళ్లు ఆ కారణాల వల్ల మానేస్తే అసలు పంపనే కూడదు. ఆ చివరిది చట్టంలో చదివినప్పుడు కాసేపు ఆగిపోయాను. చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అలాంటి పిల్లలు ఎంతమంది కోర్టు గుమ్మం ఎక్కి ఉండాలి.

కష్టం ఏంటంటే, బడివాళ్లు చేసే "ప్రయత్నం" చాలాచోట్ల ఒక కాగితం మీద సంతకం. హాజరు మెరుగుపరుచుకుంటానని పిల్లాడితో రాయించుకుంటారు, ఫైల్లో పెడతారు. అందుకని మీ ఉత్తరంలో ప్రయత్నం అంటే ఏమేం చేయాలో విడమరిచి రాయండి.


పాతకాలపోడు | సోమవారం, ఉదయం 9:40

రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి. మా రోజుల్లో కోర్టుల్లేవు, కౌన్సెలర్లు లేరు, బెత్తం ఉండేది. మేమంతా బాగుపడలేదా?


లాయరమ్మ | సోమవారం, ఉదయం 10:00

బాబాయ్ గారూ, ఇక్కడ రెండు తగిలిస్తే పిల్లాడి కేసు పోయి మీ కేసు వస్తుంది.


కౌన్సెలర్_పద్మ | సోమవారం, సాయంత్రం 5:20

స్కూల్లో పనిచేస్తాను కాబట్టి కోర్టుకి ముందు జరిగేది చెప్తాను. అసలు కథ అక్కడే ఉంటుంది.

ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో, తరచూ మానేస్తున్న కుర్రాడి ఇంటివాళ్లని మీటింగ్‌కి పిలిచారు. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. దుబాసీ లేడు. అసిస్టెంట్ ప్రిన్సిపల్ తాపీగా ఆ పిల్లాణ్ణే "మీ అమ్మకి చెప్పు" అన్నారు. "ఇలాగే కొనసాగితే కోర్టుకి పంపాల్సి వస్తుంది" అని ఆయన అంటే, మనవాడు అమ్మ వైపు తిరిగి "నేను తెలివైనవాణ్ణట, కొంచెం శ్రద్ధ పెట్టమంటున్నారు" అన్నాడు. ఆవిడ మురిసిపోయి ఆయనకి దణ్ణం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను గనక సరిపోయింది. లేకపోతే నోటీసు ఇంటికొచ్చిన రోజే ఆ తల్లికి సంగతి తెలిసేది.

ఫెడరల్ నిధులు తీసుకునే స్కూలైనా కోర్టైనా భాష తెలియని తల్లిదండ్రులకి దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ సిక్స్ కింద ఆ బాధ్యత ఉంది. అడగాలి, ఈమెయిల్‌లో అడగాలి. తెలుగులో మనిషి దొరకలేదంటే ఫోన్‌లోనైనా పెట్టించాలి. కేసులో ఉన్న పిల్లాడి చేత చెప్పించడం మాత్రం కుదరదు. ఇది ఉత్తరంలో తప్పకుండా పెట్టండి, మనం కాకపోతే మన భాష గురించి ఇంకెవరు అడుగుతారు?

రెండోది, ఎందుకు మానేస్తున్నాడు. బద్ధకం అని ముందే తీర్మానించేస్తారు. విప్పి చూస్తే ఆస్తమా, బస్సులో ఏడిపించేవాళ్లు, చదవడంలో ఎవరూ గుర్తించని ఇబ్బంది. ఇంట్లో చిన్నవాళ్లని చూసుకునేవాళ్లు ఉంటారు. బడి పేరు ఎత్తితేనే కడుపునొప్పి, వాంతులు వచ్చే ఆందోళన కూడా ఉంటుంది. మన ఇళ్లల్లో దీన్ని నాటకం అంటారు. నాటకమైతే ఆదివారం రాత్రి ఆ పిల్లాడి ముఖం ఒకసారి చూడండి. ఇలాంటప్పుడు పిల్లాణ్ణి పరీక్షించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరొచ్చు. 504 ప్లానో ఐఈపీనో (ఇబ్బంది ఉన్న పిల్లలకి బడి రాసిచ్చే సాయం ప్రణాళికలు) అవసరమని తేలితే సగం కేసులు కోర్టు మొహం చూడవు. ఇది కోర్టు చేయగలిగిన పని కాదు, బడి చేయాల్సిన పని. బడి చేయనిది పిల్లాడి నేరంగా మారుతోంది.


కృష్ణలంక_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:15

విజయవాడ నుంచి. ఇక్కడ చట్టం వేరేగా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు నేరం చేసినవాళ్ల కింద రారు, సంరక్షణ అవసరమైన పిల్లల కింద వస్తారు. నేరం కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి కాదు, బాలల సంక్షేమ కమిటీ ముందుకి 24 గంటల్లో తీసుకెళ్లాలి. స్టేషన్లో రైలు దిగిన పిల్లాడి మీద కేసు ఏంటసలు? అయితే హోంలో పడేశాక ఇంటికి పంపడం ఎంత ఆలస్యమవుతుందో అది ఇంకో రామాయణం, మా గొడవ మాకుంది.


లాయరమ్మ | సోమవారం, రాత్రి 10:30

బాగా గుర్తుచేశారు. ఐక్యరాజ్యసమితి 1990 రియాద్ మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. పెద్దవాళ్లు చేస్తే నేరం కానిది పిల్లలు చేసినా నేరం కాకూడదని. అమెరికా బాలల హక్కుల ఒప్పందాన్నే ఆమోదించలేదు కాబట్టి ఇక్కడ కోర్టులో దాని బలం తక్కువ. ఉత్తరంలో ఒక వాక్యం చాలు.


హెచ్4_అమ్మ | మంగళవారం, ఉదయం 11:05

పక్కదారి పట్టిస్తున్నానేమో, క్షమించాలి. పిల్లాడి మీద ట్రూఅన్సీ కేసు పడితే గ్రీన్‌కార్డుకి అడ్డమా? భయంతో అడుగుతున్నాను.


లాయరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

బాలల కోర్టు తీర్పుని ఇమిగ్రేషన్ చట్టం కింద శిక్షపడినట్టుగా చూడరని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2000లోనే చెప్పింది. అది నేరం కేసుల గురించే. ట్రూఅన్సీ దానికంటే చిన్నది. కంగారు పడకండి. కానీ ఫారాల్లో అరెస్టుల గురించి అడిగే ప్రశ్నలకి సొంతంగా జవాబు రాయొద్దు, మీ ఇమిగ్రేషన్ లాయరుకి కోర్టు కాగితాలు చూపించండి. కేసు ముగిశాక రికార్డు మూయించే వీలు మీ రాష్ట్రంలో ఉందేమో కూడా అడగండి.


నైట్‌షిఫ్ట్_నాన్న | మంగళవారం, రాత్రి 11:20

పొద్దుతిరుగుడు అమ్మా, నువ్వు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. తనిఖీ సంగతి మాకు తెలీదు. మా అమ్మాయి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. బెక్కా బిల్లు పెట్టిన రాష్ట్రం ఇప్పుడేం చేసింది, అది చెప్పండి.


లాయరమ్మ | బుధవారం, ఉదయం 7:00

న్యాయమైన ప్రశ్న. దేశం మొత్తం మీద వీసీఓ ఎక్కువగా వాడిన రాష్ట్రం వాషింగ్టనే. అదే రాష్ట్రం 2019లో చట్టం చేసి, విడతలవారీగా 2023 జులై నాటికి ఆ పద్ధతి మానేయాలని నిర్ణయించింది. ఒక్కసారిగా కాదు, విడతలవారీగా. ఎందుకంటే అప్పటికి పడకలూ మనుషులూ సిద్ధం కావాలి. కనెక్టికట్ ఇంకా ముందే, 2007 నుంచి, ఇలాంటి పిల్లల్ని డిటెన్షన్‌లో పెట్టడం ఆపేసి కుటుంబాలకి సాయం చేసే కేంద్రాలు తెరిచింది. అలా అక్కడ కోర్టు తలుపు కంటే ముందు కేంద్రం తలుపు తెరుచుకునేది.

ఇంకో చిక్కు. మీ కౌంటీ వీసీఓ మానేసినా, రాష్ట్రం దాటి పారిపోయిన పిల్లల్ని రాష్ట్రాల మధ్య ఒప్పందం కింద తాళం వేసి ఉంచొచ్చు. ఫెడరల్ చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. దాన్ని కౌంటీ మార్చలేదు, ఉత్తరంలో అడిగి లాభం లేదు.


వంశధార | బుధవారం, రాత్రి 8:45

చాలా పనికొచ్చింది. ముసాయిదాలో ఇప్పటిదాకా రాసింది ఇదీ. బడి వాళ్లు కారణం కనుక్కుని, దాన్ని సరిచేసే పని చేసి, ఆ వివరం చూపించకుండా కోర్టుకి పంపకూడదు. ప్రతి మీటింగ్‌లో, ప్రతి విచారణలో దుబాసీ, మొదటి విచారణ నుంచే లాయరు. వీసీఓ కింద డిటెన్షన్ పూర్తిగా ఆపాలి. పిల్లలకి శిక్ష బదులు తల్లిదండ్రులకి జరిమానా వేస్తే బాధ్యత వస్తుందని మా సంఘంలో ఒకాయన అంటున్నారు. చేర్చనా?


పొద్దుతిరుగుడు | బుధవారం, రాత్రి 9:10

వద్దు. 2014లో పెన్సిల్వేనియాలో ఏడుగురు బిడ్డల తల్లి, పిల్లల బడి కేసుల్లో పేరుకున్న సుమారు 2,000 డాలర్ల జరిమానాలు కట్టలేక 48 గంటల జైలుకి వెళ్లి, ఆ జైల్లోనే చనిపోయింది. దాని తర్వాతే ఆ రాష్ట్రం 2016లో చట్టం మార్చింది. కోర్టుకి వెళ్లేముందు బడివాళ్లు తల్లిదండ్రులతో, పిల్లాడితో కూర్చుని హాజరు ఎలా మెరుగుపరచాలో మాట్లాడి తీరాలి. జరిమానా కట్టగలిగినవాళ్లకి అది లెక్కలోది కాదు. కట్టలేనివాళ్ల ఇంట్లో మర్నాడు పిల్లాడు పనికి పోతాడు, బడికి కాదు.


తిమ్మరాజు_టెక్సాస్ | బుధవారం, రాత్రి 9:30

మా దగ్గర ఆ తల్లిదండ్రుల జరిమానా ఇంకా ఉంది. మొదటిసారి 100 డాలర్లు, ఐదోసారి నుంచి 500. ఆ ఒకాయన్ని మా ఊరి జస్టిస్ ఆఫ్ పీస్ (చిన్న కేసులు చూసే) కోర్టులో ఒక పూట కూర్చోమనండి.


కౌన్సెలర్_పద్మ | బుధవారం, రాత్రి 10:05

కర్ఫ్యూ సంగతి మర్చిపోయారు. రాత్రి షిఫ్టు ముగించుకుని బస్సు కోసం నిలబడ్డ కుర్రాడికి జరిమానా టికెట్ రాసిన పోలీసుని చూశాను. కర్ఫ్యూ టికెట్లు అసలు కోర్టుకే రాకూడదు, ఇంటికి దింపి వదిలేయాలి అని ఒక్క వాక్యం పెట్టండి.


నైట్‌షిఫ్ట్_నాన్న | గురువారం, ఉదయం 6:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. వంశధార గారూ, నాది ఒక్క షరతు. డిటెన్షన్ ఆపమన్న వాక్యం కింద ఇది రాయండి: ఆపే తేదీకి ముందే, ఈ కౌంటీలోనే, రాత్రి ఎంత పొద్దుపోయినా పిల్లని తీసుకునే షెల్టర్ పడకలు ఉండాలి, పోలీసులు నేరుగా అక్కడికే తీసుకెళ్లాలి, గంటలోపు ఇంటికి ఫోన్ రావాలి. అది ఉంటే నా పేరు, మా ఆవిడ పేరు పెట్టుకోండి. లేకపోతే నేను వేరే ఉత్తరం రాసుకుంటాను.


వంశధార | గురువారం, ఉదయం 8:15

మీ మాటల్లోనే చేర్చాను సార్, రెండో పేరాలో ఉంది. జరిమానా తీసేశాను, కర్ఫ్యూ పెట్టాను. పొద్దుతిరుగుడు గారూ, పడకలకి ఫెడరల్ గ్రాంటు ఎవరు అడగాలి, కౌంటీనా లేక షెల్టర్ నడిపే సంస్థా? అది తెలిస్తే శుక్రవారం సంతకాలకి పెడతాను.


పొద్దుతిరుగుడు | గురువారం, ఉదయం 9:00

రెండూ అడగొచ్చు. మా దగ్గరైతే సంస్థే అడిగింది, కౌంటీ మద్దతు లేఖ ఇచ్చింది. ఆ లేఖ ఇస్తామని కమిటీ చేత ఇప్పుడే ఒప్పించండి. దరఖాస్తుల గడువు దగ్గరపడ్డాక అడిగితే ఎవరూ పలకరు.